కారు షెడ్డుకు చేతి షట్టరా, మోటారు షట్టరా, రిమోట్ గేటా?

కర్నూలు, అనంతపురం, కడపల్లో కొత్తగా కడుతున్న చాలా ఇళ్లలో కింది అంతస్తులో పెద్ద భాగం కారుకే పోతోంది. దాని ముందర ఏం పెట్టాలని అడిగితే వెల్డింగ్ షాపు ఆయన ఒకటి చెబుతాడు, మోటార్లు అమ్మే ఆయన ఇంకోటి చెబుతాడు. ఇద్దరూ చెప్పేది అది ఎంత సులువుగా తెరుచుకుంటుందో. రాత్రి రెండు గంటలప్పుడు తెరుచుకోకుండా దాన్ని ఏది పట్టి ఉంచుతుందో మాత్రం అడిగితే తప్ప చెప్పరు. మోటారు బీగం కాదు. మోటారు పెట్టినా బీగం వేరే ఉండాల్సిందే. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా అమర్చారన్నదాన్ని బట్టే కింద మంచిచెడ్డలు చెప్పాం.

ఏవి చూసి ఎంచుకోవాలి

మొదటిది, గడ్డపారో కారు జాకీయో కింద పెట్టి ఎత్తితే ఎంతసేపు ఆగుతుంది. షట్టరు పగలగొట్టే దొంగలకు కావాల్సిన సామాను అంతే.

రెండోది, మీ రిమోట్‌కు నకలు తీయడం ఎంత సులువు.

మూడోది, కరెంటు పోయినప్పుడు బయటున్న మనిషి లోపలికి ఎట్లా పోతాడు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కరెంటు లేనప్పుడు మీకోసం పెట్టిన దారే చాలాసార్లు దొంగకూ దారి అవుతుంది.

నాలుగోది, దుమ్ము, ఎండ, నీళ్లు. అయిదోది, షెడ్డులోంచి ఇంట్లోకి వాకిలి ఉందా లేదా. ఉంటే షట్టరు సగం కాపలాయే, మిగతా సగం ఆ వాకిలిదే.

| రకం | ఎత్తితే, తోస్తే | కరెంటు పోతే | ముఖ్యమైన లోపం |
|---|---|---|---|
| చేతి షట్టరు, సైడ్ లాకులు | సెంటర్ లాక్ కూడా ఉంటే బాగా ఆగుతుంది | ఇబ్బంది లేదు | రోజూ వంగి ఎత్తాలి, బీగాలు బయటికి కనబడతాయి |
| మోటారు షట్టరు | మోటారు ఒక్కటే అయితే అంచు పైకి లేస్తుంది | లోపలి చైను తిప్పాలి | బయట చిక్కుకుపోయే అవకాశం |
| స్లైడింగ్ గేటు మోటారు | గేటు రైలు మీది నుంచి లేవకుండా చూస్తే గట్టిదే | రిలీజ్ చెవి కావాలి | దుమ్ము, రిలీజ్ చెవి |
| రెక్కల గేటు మోటారు | ఎలక్ట్రిక్ లాక్ లేకపోతే వదులు | రిలీజ్ చెవి కావాలి | గాలి, స్థలం |
| పైకి జరిగే ఓవర్‌హెడ్ డోర్ | తలుపు గట్టిదే | లోపలి తాడు లాగాలి | ఆ తాడే |

చేతి షట్టరు

దీన్ని పాతకాలపుది అని తీసిపారేయకండి. పది అడుగుల వెడల్పు లోపల ఉన్న షెడ్డుకు, రోజుకు ఒకటి రెండు సార్లే తీసే ఇంటికి, దొంగ భయం పరంగా చూస్తే దీన్ని మించింది లేదనే చెప్పాలి. అయితే రేకు మందం అడగాలి. షట్టర్లకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 6248 ప్రకారం 3.5 మీటర్ల లోపు వెడల్పుకు పట్టీ మందం కనీసం 0.90 మి.మీ., అంతకు మించితే 1.25 మి.మీ. ఉండాలి. షాపు లెక్కలో 0.90 అంటే సుమారు 20 గేజ్, 1.2 అంటే 18 గేజ్. ధర తగ్గించమంటే 22 గేజ్ వేస్తారు, అది దాదాపు 0.7 మి.మీ. మాత్రమే. దాని మధ్యలో జాకీ పెడితే పట్టీలు వంగి సైడ్ ఛానెల్‌లోంచి బయటికొస్తాయి, ఇక బీగాలు ఉన్నా లేనట్టే.

రెండు పక్కలా సైడ్ లాకులు వేసి మధ్యలో ఖాళీగా వదిలేస్తే జాకీ పెట్టేది ఆ మధ్యలోనే. మధ్యలో ఒక సెంటర్ లాక్ కానీ, నేలలోకి దిగే బోల్టు కానీ ఉండాలి. మన ఊళ్లలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. నేల మీద పరిచేది కడప బండ. బండకు నేరుగా రంధ్రం వేసి బోల్టు దించితే ఒకటి రెండు సార్లు గట్టిగా లాగేసరికి అంచు పెళ్లగిలిపోతుంది. బండ పలచన, కింద ఉండేది ఇసుక. అందుకే ఆ చోట ఎనిమిది అంగుళాల చదరం బండ కోయించి, ఎనిమిది అంగుళాల లోతు తవ్వి, ఆరు అంగుళాల జీఐ పైపు ముక్కను నిలబెట్టి చుట్టూ 1:2:4 కాంక్రీటు పోయాలి. 16 మి.మీ. బోల్టుకు 20 మి.మీ. పైపు చాలు. పైపు అడుగు మూయకుండా కింద గులకరాళ్లు వేస్తే నీళ్లు ఇంకిపోతాయి. పైన చిన్న మూత పెట్టకపోతే నెల తిరిగేసరికి మట్టితో నిండి బోల్టు సగమే దిగుతుంది. వారం రోజులు తడపకుండా వాడొద్దు.

బీగం కొంకి బయటికి పొడుచుకొని ఉంటే కట్టరుకు దొరుకుతుంది. కొంకి కనబడకుండా మూసేసే గుండ్రటి షట్టరు బీగాలు, పక్కన ఇనుప రేకు కప్పు వెల్డు చేసినవి మేలు.

మోటారు షట్టరు

ఇందులో రెండు రకాలు. సైడ్ మోటారు చైనుతో షాఫ్టును తిప్పుతుంది. సెంటర్ మోటారును స్ప్రింగులున్న షట్టరు షాఫ్టు మధ్యలో బిగిస్తారు. పది అడుగులు, ఎనిమిది అడుగుల 18 గేజ్ షట్టరు వంద కిలోల దరిదాపుల్లో తూగుతుంది. దానికి 300 కిలోల సైడ్ మోటారు సరిపోతుంది. ఇంతకంటే పెద్దది అమ్మజూపితే ఎందుకని అడగండి. ఈ మోటార్లు ఆగకుండా తిరిగే రేటింగ్ ఉన్నవి కావు. పిల్లలు ఆటగా నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఆడిస్తే వేడెక్కితే ఆపే థర్మల్ కటౌట్ పడి ఆగిపోతాయి. చాలామంది అది చెడిపోయిందనుకొని మెకానిక్‌ను పిలుస్తారు. చల్లారేదాకా వదిలేస్తే చాలు.

మోటారు బ్రేకు షాఫ్టును పట్టి ఉంచుతుంది, నిజమే. అయితే షట్టరు పైన చుట్టగా ఉంటుంది. కింది అంచును ఎత్తితే పట్టీలు పైన చుట్టలో వదులుగా సర్దుకుంటాయి, షాఫ్టు తిరగాల్సిన పని లేదు. మనిషి పడుకొని దూరేంత సందు దొరికితే దొంగకు చాలు. అందుకే మోటారు షట్టరుకు కూడా లోపలి వైపు రెండు గడియలు ఉండాలి.

ఇక్కడే ఎక్కువ ఇళ్లలో తప్పు జరుగుతుంది. గడియ వేసి ఉండగా ఎవరో రిమోట్ నొక్కుతారు. మోటారు లాగుతుంది, గడియ వదలదు, పట్టీలు వంగుతాయి, చైను తెగుతుంది. దీనికి విరుగుడు గడియ దగ్గర ఒక లిమిట్ స్విచ్. గడియ పడితే మోటారుకు కరెంటు అందదు. అది కుదరకపోతే ఇంకో పద్ధతి ఉంది, అన్నిటికన్నా చవక కూడా: మోటారు లైనుకు విడిగా ఒక ఎంసీబీ (కరెంటు ఆపే మీట) ఇంట్లో, మీరు పడుకునే గది దగ్గర పెట్టించుకోండి. రాత్రి అది దించి, తర్వాత గడియ వేయండి. బ్యాటరీ లేని మోటారైతే, ఎంసీబీ దించాక ఏ రిమోట్, ఏ నకలు రిమోట్ నొక్కినా షట్టరు కదలదు. ఎంసీబీ, ఎలక్ట్రీషియన్ కూలీ, కొంచెం వైరు తప్ప ఖర్చు లేదు.

కరెంటు పోతే లోపల వేలాడే చైను తిప్పి ఎత్తాలి. ఇంటికి ఇంకో దారి లేకుండా షట్టరు ఒక్కటే ఉంటే మీరు వీధిలో నిలబడాల్సి వస్తుంది. మామూలు ఇంటి ఇన్వర్టరు ఏసీ మోటారు మొదట లాగే కరెంటును తట్టుకోలేక ట్రిప్ కావచ్చు, అమర్చేముందే ఆ షాపు వాళ్లతో నడిపించి చూడండి. 24 వోల్టుల డీసీ మోటారైతే 12 వోల్టుల చిన్న బ్యాటరీలు రెండు వరుసలో కలిపితే పని జరిగిపోతుంది. మోటారును బయటి నుంచి విడదీసే రిలీజ్ పెట్టెను గోడకు పెట్టించుకోవడం వేరే దారి లేనప్పుడే. పెడితే దాని మూత రేకు షట్టరు రేకు కన్నా మందంగా ఉండాలి.

స్లైడింగ్ గేటు

ప్రహరీ గోడ, ముందు పది పదిహేను అడుగుల ఖాళీ ఉన్న ఇళ్లకు ఇది బాగా కుదురుతుంది. మోటారు లోపలి వర్మ్ గేరు గేటును పట్టుకుంటుంది, తోస్తే జరగదు. కానీ గేటును పైకి ఎత్తితే దానికి బిగించిన పళ్ల పట్టీ (రాక్) మోటారు గేరు నుంచి విడిపోతుంది, ఆ తర్వాత చేత్తో తోయొచ్చు. పై గైడుకు, గేటు పైభాగానికి మధ్య సందు తక్కువ ఉంచి, గేటు లేవకుండా ఒక కోణం ముక్క వెల్డు చేయించాలి. మూసుకున్న చోట గేటు అంచు దూరే ఇనుప గూడు ఉంటే గడ్డపార దూర్చడం కష్టం. రాక్‌కు, గేరుకు మధ్య ఒకటి రెండు మి.మీ. సందు వదలాలి, లేకపోతే గేటు బరువంతా మోటారు మీద పడి గేరు తొందరగా అరిగిపోతుంది.

అసలు బలహీనత రిలీజ్ లివరు. కరెంటు లేనప్పుడు మోటారును విడదీయడానికి ఇచ్చే చెవి చాలా మోడళ్లకు ఒకటే రకం. కడ్డీల గేటయితే సందులోంచి చెయ్యి పెట్టి తిప్పొచ్చు. మోటారున్న చోటు నుంచి రెండు వైపులా కనీసం ఒక మీటరు దాకా గేటుకు రేకు కొట్టించండి. రాత్రికి గేటు, గోడ కలిపి లోపలి నుంచి ఒక బీగం వేయండి.

అనంతపురం గాలి దుమ్ముకు రైలు గాడి నిండిపోతుంది, గేటు సగం వచ్చి అడ్డంకి తగిలిందనుకొని వెనక్కి తెరుచుకుంటుంది. మీరు కారులో వెళ్లిపోయి ఉంటారు, గేటు బార్లా తెరిచి ఉంటుంది. మూసుకున్నదాకా నిలబడి చూడడం అలవాటు చేసుకోవాలి. కంట్రోల్ బోర్డులో బల్లులు, చీమలు చేరి షార్టు చేయడం ఇంకో గొడవ, వైరు దూరిన రంధ్రాలన్నీ సిలికాన్‌తో మూయించండి. కర్నూలులో తుంగభద్ర దరిన ఉన్న కాలనీల వాళ్లకు 2009 అక్టోబరు వరద గుర్తే. ఎన్నడో వచ్చే వరద సంగతి అటుంచినా, వీధి నీళ్లు నిలిచే చోట మోటారు దిమ్మె నేల నుంచి ఎనిమిది అంగుళాలైనా ఎత్తు ఉండాలి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేది) తప్పనిసరి.

రెక్కల గేటు, ఓవర్‌హెడ్ డోర్

రెక్కల గేటుకు రేకు నిండుగా కొట్టిస్తే గాలికి తెరచాప అయిపోయి మోటారు చేతులను గుంజుతుంది. రెక్క రెండు మీటర్లు దాటితే ఎలక్ట్రిక్ లాక్ లేకుండా పెట్టొద్దు. లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి కారు నిలిపే స్థలం పోతుంది. పాత గేటు అప్పటికే ఉండి, మార్చే ఉద్దేశం లేనప్పుడే ఇది ఎంచుకోదగ్గది.

ఓవర్‌హెడ్ డోర్ మన పట్టణాల్లో ఎక్కడో విల్లాల్లో తప్ప కనబడదు. అమెరికాలో ఇదే మామూలు. అక్కడ 1993 నుంచి కొత్త ఓపెనర్లకు తలుపు కింద ఏదైనా తగిలితే వెనక్కి మళ్లే ఏర్పాటుతో పాటు అడ్డం కనిపెట్టే కన్ను వంటి రెండో రక్షణ కూడా ఉండాలి. దీని లోపం అత్యవసర రిలీజ్ తాడు. పై అంచు సందులోంచి వంచిన తీగ దూర్చి ఆ తాడో లివరో లాగితే తలుపు చేత్తో లేస్తుంది. దాన్ని టై కట్టి బిగించేస్తే మీరే లోపల ఇరుక్కుంటారు. లివరు చుట్టూ తీగ అందకుండా రేకు కవచం పెట్టడమే సరైన పని.

రిమోట్ సంగతి

గేటు ఏదైనా రిమోట్ లోపలి చిప్పును బట్టి భద్రత మారుతుంది. మన దగ్గర దొరికే వాటిలో ఎక్కువ భాగం 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. తేడా అంతా కోడ్‌లో ఉంది.

| కోడ్ | ఎలా గుర్తించాలి | నకలు |
|---|---|---|
| ఫిక్స్‌డ్ | లోపల 8 నుంచి 12 చిన్న స్విచ్‌ల వరుస | క్షణాల్లో |
| లెర్నింగ్ | స్విచ్‌లు ఉండవు, ఈవీ 1527 వంటి చిప్పు | క్షణాల్లో |
| రోలింగ్ | హెచ్‌సీఎస్ 301 వంటి చిప్పు | మామూలు నకలు రిమోట్‌తో కుదరదు |
| వైఫై, యాప్ | ఫోను నుంచి తెరుస్తారు | రిమోట్‌తో పని లేదు, ఖాతా పోతే అంతా పోతుంది |

ఎనిమిది స్విచ్‌లుంటే కోడ్‌లు మొత్తం 256. పన్నెండుంటే 4,096. శామీ కామ్‌కర్ అనే అమెరికా పరిశోధకుడు 2015లో ఒక పిల్లల మెసేజింగ్ బొమ్మను మార్చి, ఇలాంటి ఫిక్స్‌డ్ కోడ్‌లన్నిటినీ పది సెకన్లలోపే వరసగా పంపి గ్యారేజీలు తెరవొచ్చని చూపించాడు. మన వీధుల్లో దొంగ అంత దూరం ఆలోచించాల్సిన పనే లేదు. చెవులు చేసే అంగళ్లలో నాలుగు బటన్ల నకలు రిమోట్ రెండు మూడు వందలకు వస్తుంది. దాన్ని మీ రిమోట్ పక్కన పెట్టి రెండూ ఒకసారి నొక్కితే నకలు సిద్ధం. కారు సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, డ్రైవరును కొత్తగా పెట్టుకున్నప్పుడు, రిమోట్ కారులోనే వదిలేస్తే ఆ పని ఎప్పుడైనా జరగొచ్చు.

లెర్నింగ్ అన్న పేరు చూసి మోసపోకండి. ఈవీ 1527లో 20 బిట్ల గుర్తు ఉంటుంది, అంటే 10,48,576 కోడ్‌లు. ఊహించి కొట్టడం కష్టమే కానీ, ప్రతిసారీ పంపేది అదే కోడ్ కాబట్టి నకలు తీయడం మాత్రం అంతే సులువు. "సార్, ఇది లక్షల కోడ్‌లది" అని షాపులో చెప్పేది సరిగ్గా దీని గురించే.

రోలింగ్ కోడ్‌లో ప్రతి నొక్కుడుకూ కోడ్ మారిపోతుంది. నిన్నటి కోడ్‌ను రికార్డు చేసి ఈరోజు పంపితే రిసీవరు ఒప్పుకోదు. ఇదీ లోపం లేనిది కాదు. 2008లో జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయం వాళ్లు హెచ్‌సీఎస్ 301 వంటి రోలింగ్ రిమోట్లలో వాడే కీలాక్ చిప్పుల తాళం రహస్యాన్ని బయటికి లాగారు. 2015లో అదే కామ్‌కర్ సిగ్నలును అడ్డగించి కోడ్ దాచుకునే పరికరం చూపించాడు. ఇవి చేతనైన వాడి పనులు. చూసి దోచుకొని పోయే దొంగకు రోలింగ్ కోడ్ చాలు. పిల్లలు రిమోట్‌ను దూరంగా ఉండి చాలాసార్లు నొక్కేస్తే అది రిసీవరుతో లెక్క తప్పొచ్చు. దగ్గరికొచ్చి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలా రిసీవర్లు మళ్లీ లెక్క సరిచేసుకుంటాయి.

యాప్ గేట్ల విషయంలో మా సలహా: వద్దు, లేదా గేటు తెరిచే పని దాంతో పెట్టుకోవద్దు. 2023 ఏప్రిల్లో నెక్స్ అనే కంపెనీ గ్యారేజీ కంట్రోలర్లలో అందరికీ ఒకే పాస్‌వర్డు లోపల పొదిగి ఉందని బయటపడి అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. ఎక్కడున్నా గేటు తెరుచుకుందో లేదో చూపే సెన్సరు మాత్రం మంచిదే, పెట్టుకోండి.

షాపులోనే ఒక పరీక్ష చేయించండి. "ఈ రిమోట్‌కు నకలు తీసి చూపించండి" అని అడగండి. నకలుతో గేటు తెరుచుకుంటే ఆ రిమోట్ వద్దు.

గేటు బయట గోడకు పెట్టే కీప్యాడ్ విషయంలో ఒక జాగ్రత్త. కొన్నిటిలో గేటుకు తెరుచుకొమ్మని చెప్పే స్విచ్ (రిలే) ఆ కీప్యాడ్ డబ్బాలోనే ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పి రెండు వైర్లు కలిపితే గేటు తెరుచుకుంటుంది, పాస్‌వర్డు అక్కర్లేదు. నిర్ణయం తీసుకునే బోర్డు లోపల ఉండి, బయట బటన్లు మాత్రమే ఉన్నది అడగండి. బయట దాచి పెట్టే రహస్య స్విచ్ కూడా అలాంటిదే.

ఎవరికి ఏది

ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఉమ్మడి కుటుంబానికి చేతి షట్టరు, సెంటర్ లాక్ చాలు. మిగిలిన డబ్బు 18 గేజ్ రేకు మీద, షెడ్డు లోపలి వాకిలి మీద పెట్టండి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి పోయి, పగలంతా ఇల్లు బీగం వేసి ఉండే వాళ్లకు మోటారు షట్టరు, రోలింగ్ కోడ్, ఇంట్లో ఎంసీబీ. పగలు ఎంసీబీ దించి పోతే సాయంత్రం మీరే లోపలికి రాలేరు. లోపలి నుంచి వేసే గడియ కూడా పగలు మీకు పనికిరాదు, కాబట్టి బయటి నుంచి చెవితో తీసే సైడ్ లాక్ ఒకటి కావాలి. దానికీ మోటారును ఆపే స్విచ్ పెట్టించండి.

నడుము నొప్పి, మోకాలి నొప్పి ఉన్న పెద్దవాళ్లు ఇద్దరే ఉంటే స్లైడింగ్ గేటు డీసీ మోటారు, బ్యాటరీలతో. షట్టరు చైను వాళ్లు తిప్పలేరు.

పైన అద్దెకిచ్చి కింద కారు షెడ్డు అందరికీ కలిపి ఉంటే రిమోట్లు ఎన్ని ఎవరి దగ్గరున్నాయో లెక్క ఉండాలి. అద్దెకున్న వాళ్లు ఖాళీ చేసిన రోజే రిసీవరులోని కోడ్‌లన్నీ తుడిచేసి మళ్లీ నేర్పాలి. చాలా రిసీవర్లలో లెర్న్ బటన్‌ను పది సెకన్ల దాకా నొక్కి పట్టుకుంటే దీపం ఆరిపోయి అన్నీ పోతాయి, తర్వాత మీ రిమోట్లు ఒక్కొక్కటిగా నేర్పుకోవచ్చు. ఫిక్స్‌డ్ కోడ్ అయితే అన్ని రిమోట్లలో, రిసీవరులో స్విచ్‌లు మార్చాలి.

షెడ్డులోంచి ఇంట్లోకి వాకిలి ఉన్న వాళ్లు దాన్ని బయటి వాకిలిగానే చూడాలి. పలచని ఫ్లష్ డోరుకు ఆల్‌డ్రాప్ ఒక్కటి పెట్టి వదిలేస్తే షట్టరు ఎంత గట్టిదైనా లాభం లేదు, షెడ్డులోకి దిగినవాడు రోడ్డుకు కనబడకుండా తీరిగ్గా పనిచేసుకుంటాడు. 35 మి.మీ. నిండు చెక్క తలుపు, మార్టిస్ లాక్, పైనా కిందా టవర్ బోల్టులు ఉండాలి.

ఇంట్లోకి ఇంకో దారి ఉంటే ఊరికి పోయేటప్పుడు ఎంసీబీ దించి పోండి. ఇంట్లో ఉన్న రెండో కారులో రిమోట్, ఆర్‌సీ కలిపి వదలొద్దు, ఆర్‌సీలో మీ ఇంటి చిరునామా ఉంటుంది. ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టంలో పేరు నమోదు చేసుకుంటే మీరు లేనప్పుడు ఇంట్లో కదలిక పట్టే కెమెరా ఉచితంగా పెడతారు. సంక్రాంతికో తిరుమలకో పోయే ముందు రోజు కాకుండా నాలుగైదు రోజుల ముందే స్టేషన్‌లో అడగండి.

కొటేషన్ తీసుకునేటప్పుడు ఇవి రాతలో ఉండేలా చూడండి: రేకు గేజ్, మోటారు ఎన్ని కిలోలది, ఏసీనా డీసీనా, రిమోట్ చిప్పు పేరు, రిమోట్లు ఎన్ని ఇస్తారు, గడియకు లిమిట్ స్విచ్ ఉందా, రిలీజ్ చెవి ఎన్ని జతలు. చిప్పు పేరు రాయడానికి వెనకాడితే అది దాదాపు ఎప్పుడూ ఈవీ 1527 రకమే అయి ఉంటుంది.